కేబుల్ పెట్టినా ల్యాప్‌టాప్ వైఫై మీదే నడుస్తోంది, అదీ కొత్తవే

గడియారం_సెంటర్
మాది నల్లగొండలో చిన్న ఆఫీసు. 22 ల్యాప్‌టాప్‌లు, ఒక సర్వర్, దాని మీద టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా. ఐటీకి వేరే మనిషి లేరు. అకౌంట్స్ చూసే నేనే ఇది కూడా చూసుకుంటున్నాను. ఎండాకాలం అయ్యాక వైఫై సరిగ్గా రావట్లేదని కొత్త యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే పెట్టె) పెట్టించాం. అప్పటి నుంచి ఈ బాధ మొదలైంది. మధ్యాహ్నం అందరూ పని మీద ఉండే వేళకు టాలీ బిగుసుకుపోతుంది, ఒక్కోసారి డేటా దొరకలేదని బయటికి తోసేస్తుంది.

టాస్క్ మేనేజర్ తెరిచి సర్వర్ నుంచి ఒక పెద్ద ఫైల్ కాపీ చేసి చూశాను. కేబుల్ పెట్టే ఉంది, లైటు వెలుగుతోంది, కానీ పైకి లేస్తున్నది వైఫై గీత. ఈథర్నెట్ గీత, అంటే కేబుల్‌ది, నేల మీదే ఉంది. వైఫై ఆపేస్తే టాలీ బాగానే నడుస్తుంది. మళ్లీ ఎవరో ఒకరు ఆన్ చేస్తారు, మళ్లీ మొదటికి వస్తుంది.

నాకు అర్థం కానిది ఒకటే. పాత 14 ల్యాప్‌టాప్‌లకు ఈ తిప్పలు లేవు, కేబుల్ పెడితే కేబుల్ మీదే పోతాయి. కొత్త 8లో 7 ఇలా చేస్తున్నాయి. ఎనిమిదోది మాత్రం మంచిగా ఉంది. అన్నింటిలోనూ విండోస్ 11, ఎవరూ సెట్టింగ్ మార్చలేదు. నెలాఖరు దగ్గరపడుతోంది, జీఎస్టీ పని ఉంది, నిజంగానే టెన్షన్‌గా ఉంది.

మిల్లు_లెక్కలు
వైఫై ఆపేసి పాస్‌వర్డ్ మార్చేయండి సార్. ఎవరికీ చెప్పొద్దు.

గడియారం_సెంటర్
ఆ పని చేశాను. మీటింగ్ గదిలో కేబుల్ లేదు, ఇద్దరు మార్కెటింగ్ వాళ్లు రోజంతా అటూ ఇటూ తిరుగుతారు. వాళ్లకు వైఫై కావాలి. పాస్‌వర్డ్ రెండు రోజులు కూడా దాగలేదు.

జడ్చర్ల_షిఫ్ట్
మెట్రిక్ మార్చండి, ఐదు నిమిషాల పని. కేబుల్, వైఫైలలో ఏది ముందో విండోస్ చూసుకునే అంకె అది. నెట్‌వర్క్ కనెక్షన్స్‌లో ఈథర్నెట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఐపీ వెర్షన్ 4, అడ్వాన్స్‌డ్. అక్కడ ఆటోమేటిక్ మెట్రిక్ టిక్ తీసి 10 పెట్టండి. వైఫైకి 50 పెట్టండి. తక్కువ అంకె ఉన్నదే ముందు. ఐపీ వెర్షన్ 6కి కూడా అలాగే చేయండి, చాలామంది అది మర్చిపోతారు.

కేబుల్_అన్న
జడ్చర్ల తమ్ముడు చెప్పింది పనిచేస్తుంది. కానీ ముందు ఒక్కటి చూసి చెప్పు. కొత్త ల్యాప్‌టాప్‌లో ఈథర్నెట్ మీద రైట్ క్లిక్ చేసి స్టేటస్ తెరువు. స్పీడ్ అని ఒక వరస ఉంటుంది. అక్కడ 1.0 జీబీపీఎస్ (గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్) ఉందా, 100 ఎంబీపీఎస్ ఉందా? ఆ 7లోనూ చూడు, మంచిగా ఉన్న ఎనిమిదో దాంట్లోనూ చూడు. అంతవరకు మెట్రిక్ ముట్టుకోకు.

గడియారం_సెంటర్
ఇప్పుడే తిరిగి చూసొచ్చాను అన్నా. 7లోనూ 100. మంచిగా ఉన్నదాంట్లో 1.0 జీబీపీఎస్. అది నెట్‌వర్క్ స్విచ్ (కేబుల్స్ అన్నీ వచ్చి కలిసే పెట్టె) పక్కనే ఉన్న బల్ల మీద ఉంటుంది.

అయితే పాత వాటిలో కూడా కొన్ని 100 చూపిస్తున్నాయి. మరి అవెందుకు బాగున్నాయి?

కేబుల్_అన్న
అసలు కథ అక్కడే ఉంది. కొంచెం ఓపికగా చదువు.

మనం ఏమీ పెట్టకపోతే విండోస్ ప్రతి దారికీ తనే ఒక అంకె వేసుకుంటుంది. ఆ అంకె కేబులా వైఫైనా అన్నదాన్ని బట్టే కాదు, ఆ దారి ఎంత స్పీడుతో లేచింది, అంటే కనెక్ట్ అయింది అన్నదాన్ని బట్టి కూడా పడుతుంది. కేబుల్ 1 జీబీపీఎస్‌తో లేస్తే మెట్రిక్ 25. అదే కేబుల్ 100 ఎంబీపీఎస్‌తో లేస్తే 35. వైఫైలో కూడా అంతే. పాత ల్యాప్‌టాప్‌ల వైఫై 2.4 గిగాహెర్ట్జ్ (నెమ్మది బ్యాండ్) మాత్రమే అయి ఉంటుంది, 72 ఎంబీపీఎస్ దగ్గర లేస్తుంది, దానికి 50 పడుతుంది. కొత్తవి 5 గిగాహెర్ట్జ్‌లో (వేగం బ్యాండ్) 866 ఎంబీపీఎస్‌తో లేస్తాయి, వాటికి 30.

ఇప్పుడు లెక్క వేసుకో. పాత ల్యాప్‌టాప్: కేబుల్ 35, వైఫై 50. కేబుల్ గెలిచింది. కొత్త ల్యాప్‌టాప్: కేబుల్ 35, వైఫై 30. వైఫై గెలిచింది. స్విచ్ పక్కన ఉన్న కొత్తది: కేబుల్ 25, వైఫై 30. మళ్లీ కేబుల్. కొత్త యాక్సెస్ పాయింట్ వచ్చాకే ఇది మొదలవడానికి కారణం కూడా ఇదే. అంతకుముందు నీ ఆఫీసులో 5 గిగాహెర్ట్జ్ ఉండి ఉండదు.

గడియారం_సెంటర్
లేదు అన్నా, పాత యాక్సెస్ పాయింట్ 2.4 మాత్రమే. మూడు వారాలుగా తల పట్టుకుంటున్నాను. అన్నీ ఒకదానికొకటి సరిగ్గా కలిశాయి.

పాలమూరు_ల్యాబ్
ఆ అంకెలు కళ్లతో చూడాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో రూట్ ప్రింట్ (route print) కొట్టండి. 0.0.0.0 తో మొదలయ్యే వరసల చివర మెట్రిక్ ఉంటుంది. రెండు వరసలు ఉంటే చిన్న అంకె ఉన్నదాని మీదే ఇంటర్నెట్ పోతుంది.

మా దగ్గర ఇంకో రకం ఇబ్బంది వచ్చింది, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. మాది మహబూబ్‌నగర్‌లో ఒక కాలేజీ ల్యాబ్. కేబుల్ 1 జీబీపీఎస్‌తోనే లేచింది, అయినా ఇంటర్నెట్ వైఫై మీద పోయేది. రూట్ ప్రింట్‌లో చూస్తే కేబుల్‌కి 281, వైఫైకి 35. కేబుల్‌కి మేము స్టాటిక్ ఐపీ (చేత్తో రాసిన నెట్‌వర్క్ చిరునామా) పెట్టాం, వైఫైకి ఐపీ రూటర్ నుంచి దానంతట అదే వస్తుంది. చేత్తో పెట్టిన గేట్‌వేకి (బయటి నెట్‌వర్క్‌కి పోయే ద్వారం) విండోస్ 256 కలుపుతుంది. 256, 25 కలిసి 281. ఇది తెలియక కేబుల్స్ అన్నీ మార్చాం, స్విచ్ కూడా మార్చాం. చివరికి రూటర్‌లోనే ఏ మెషీన్‌కి ఏ ఐపీ ఇవ్వాలో రాసిపెట్టి, ల్యాప్‌టాప్‌లలో స్టాటిక్ తీసేశాం. ఆ రోజుతో పోయింది.

మిల్లు_లెక్కలు
281 మా దగ్గర కూడా ఉంది! నేను అది ఏదో ఎర్రర్ నంబర్ అనుకున్నాను.

జడ్చర్ల_షిఫ్ట్
ఇదంతా సరే. కానీ ఏడు ల్యాప్‌టాప్‌ల కోసం గోడలు తవ్వమంటారా? 10, 50 పెట్టేస్తే మధ్యాహ్నానికల్లా అందరూ పని చేసుకుంటారు. ఇంకో మాట, వైఫై 866 అంటే నిజంగా 866 రాదు. ఆ గాలిని ఆఫీసంతా పంచుకుంటుంది, ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. కేబుల్ 100 అంటే పంపడానికి 100, తెచ్చుకోవడానికి 100, ఎవరితోనూ పంచుకోనక్కర్లేదు. టాలీకి కావలసింది పెద్ద స్పీడ్ కాదు, తెగకుండా ఉండడం. కాబట్టి ఇక్కడ విండోస్ లెక్కే తప్పు. దాన్ని చేత్తో సరిచేయడంలో తప్పేముంది?

కేబుల్_అన్న
తప్పు అనలేదు తమ్ముడు. వైఫై గురించి నువ్వు చెప్పిన ప్రతి మాటా నిజం. నా బాధ వేరు. ఇప్పుడు స్విచ్‌లూ ల్యాప్‌టాప్‌లూ చాలావరకు గిగాబిట్‌వే, అయినా 100 వస్తోందంటే ఎక్కువగా మధ్యలో ఎక్కడో తీగ సరిగ్గా లేదన్నమాట. 100కి నాలుగు తీగలు చాలు, 1, 2, 3, 6 పిన్నులు. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. మిగతా నాలుగింటిలో ఒక్క తీగ పట్టు వదిలినా అది కిందికి దిగి 100తో సర్దుకుంటుంది, ఎవరికీ చెప్పదు. ఇవాళ ఒక తీగ పోయింది, రేపు ఇంకోటి పోతుంది. మెట్రిక్ 10 పెట్టేస్తే ఆ సంగతి ఎవరికీ కనపడదు. సూర్యాపేటలో ఇలాంటివి ఎన్నో తిరిగి చేశాను. మొదటిసారే సరిగ్గా చేసి ఉంటే నన్ను పిలవాల్సిన అవసరమే ఉండేది కాదు.

నల్లగొండ తమ్ముడు, నీ గోడ మీద పాయింట్ల పెట్టె ఒకటి విప్పి, లోపల ఎన్ని తీగలు కలిపారో ఫొటో తీసి చూడు.

వనపర్తి_పెంగ్విన్
లైనక్స్‌లో ఈ గొడవ రాదు. నెట్‌వర్క్ మేనేజర్ కేబుల్‌కి 100, వైఫైకి 600 ఇస్తుంది. స్పీడ్ ఎంత ఉన్నా కేబులే ముందు. మ్యాక్‌లో అయితే సర్వీస్ ఆర్డర్ అని ఒక జాబితా ఉంటుంది, ఈథర్నెట్‌ని పైకి లాగితే చాలు.

మిల్లు_లెక్కలు
టాలీ లైనక్స్‌లో నడిస్తే రేపే మార్చేస్తాం తల్లీ.

గడియారం_సెంటర్
రెండు పెట్టెలు విప్పాను. చూసి కడుపు రగిలిపోయింది. గోడలోంచి ఒక్కటే కేబుల్ వచ్చింది. దాన్ని చీల్చి నాలుగు తీగలు ఒక పాయింట్‌కి, మిగతా నాలుగు పక్క పాయింట్‌కి కలిపారు. అవతల స్విచ్ దగ్గర కూడా అంతే, ఒక కేబుల్‌కి రెండు కనెక్టర్లు. బిల్లులో మాత్రం ఒక్కో పాయింట్‌కి ఒక్కో కేబుల్ అని డబ్బులు తీసుకున్నారు. ఇలా రెండు కేబుల్స్, నాలుగు సీట్లు.

మిగతా మూడింటిలో రెండు సన్న ల్యాప్‌టాప్‌లు. వాటికి కేబుల్ పెట్టుకునే రంధ్రమే లేదు, యూఎస్‌బీ డాంగిల్‌తో (యూఎస్‌బీలో పెట్టి కేబుల్ తగిలించే చిన్న ముక్క) నడుస్తాయి. ఇంకొకటి ఎందుకు 100 చూపిస్తోందో తెలియలేదు.

కేబుల్_అన్న
అనుకున్నదే. చాలాచోట్ల ఇదే పని చేస్తున్నారు. నాలుగు తీగలతో కూడా లైటు వెలుగుతుంది, నెట్ వస్తుంది, అప్పగించిన రోజు ఎవరికీ అనుమానం రాదు. ఆఫీసులో అకౌంట్స్ చూసే మనిషి మూడు వారాలు నిద్ర పోగొట్టుకున్నాక బయటపడుతుంది. ఎవరైనా పాయింట్లు పెట్టించుకునేటప్పుడు లైటు చూసి డబ్బులు ఇవ్వకండి. ప్రతి పాయింట్‌లోనూ ల్యాప్‌టాప్ పెట్టి 1 జీబీపీఎస్ చూసుకున్నాకే ఇవ్వండి.

గోడ తవ్వే పని లేదు. ఆ చీల్చిన కేబుల్‌ని మళ్లీ ఒకటి చేయించు. ఎనిమిది తీగలూ ఒకే కనెక్టర్‌లో, రెండు కొసలా ఒకే వరస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఇప్పుడు బల్ల దగ్గర ఒక పాయింటే మిగులుతుంది కదా, అక్కడ 5 పోర్టుల చిన్న గిగాబిట్ స్విచ్ ఒకటి పెట్టు. రెండు సీట్లూ దాని మీద నడుస్తాయి. కొనేటప్పుడు పెట్టె మీద 10/100 మాత్రమే ఉంటే వద్దు, 10/100/1000 ఉండాలి.

డాంగిల్స్ తిప్పి చూడు. యూఎస్‌బీ 2.0 చవక రకమైతే అవి 100 దాటవు. అక్కడ కేబుల్ తప్పేమీ లేదు.

జడ్చర్ల_షిఫ్ట్
నాలుగు తీగల సంగతి చూశాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను చెప్పినట్టు 10, 50 పెట్టేసి ఉంటే ఆ మోసం ఎప్పటికీ బయటపడేది కాదు.

డాంగిల్ సీట్లకు మాత్రం మెట్రిక్ మార్చడమే సరైన పని, అక్కడ దాచడానికి ఏమీ లేదు. ఒక జాగ్రత్త. డాంగిల్‌ని వేరే యూఎస్‌బీ రంధ్రంలో పెడితే కొన్నిసార్లు విండోస్ దాన్ని కొత్త అడాప్టర్ అనుకుని మళ్లీ ఆటోమేటిక్ లెక్కకు వెళ్లిపోతుంది. అందుకే కేబుల్ మెట్రిక్ తగ్గించకుండా వైఫై మెట్రిక్ పెంచండి, 70 పెట్టండి. వైఫై కార్డు ఎక్కడికీ పోదు.

పాలమూరు_ల్యాబ్
ఈ చివరి మాట నోట్ చేసుకున్నాను. మా ప్రిన్సిపాల్ గారి ల్యాప్‌టాప్‌లో వారానికోసారి ఇదే జరుగుతోంది.

దేవరకొండ_సీట్
మాది పూర్తిగా ఉల్టా సమస్య. మా ఆఫీసులో కేబుల్ లోపలి నెట్‌వర్క్‌కి మాత్రమే, దాంట్లో ఇంటర్నెట్ రాదు. ఇంటర్నెట్ కోసం ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుంటాం. కేబుల్ పెట్టగానే బయటి సైట్లు ఆగిపోతాయి, తీస్తే లోపలి పోర్టల్ ఆగిపోతుంది. రోజుకు ఇరవైసార్లు తీసి పెడుతున్నాను. రంధ్రం కూడా వదులైపోయింది.

వనపర్తి_పెంగ్విన్
రెండు దారులకూ గేట్‌వే ఉండడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. కేబుల్ ఐపీ సెట్టింగ్‌లో గేట్‌వే గడి ఖాళీగా వదిలేయండి. లోపలి సర్వర్లు 10 తో మొదలయ్యే చిరునామాల్లో ఉంటే, ఆ చిరునామాలకు మాత్రమే కేబుల్ గేట్‌వే గుండా పొమ్మని రూట్ యాడ్ (route add) కమాండ్‌తో ఒక దారి రాయండి. మైనస్ పీ (-p) కలిపితే రీస్టార్ట్ అయినా ఆ దారి పోదు. నిర్దిష్టంగా రాసిన దారి ఉంటే విండోస్ మెట్రిక్ చూడకుండా దాన్నే పట్టుకుంటుంది. మిగతాదంతా హాట్‌స్పాట్ మీద పోతుంది.

కేబుల్_అన్న
ఆగండి. దేవరకొండ సార్, ఇది చేసే ముందు మీ నెట్‌వర్క్ చూసే అధికారిని అడగండి. ఇంటర్నెట్ లేకుండా కట్టారంటే కావాలనే అలా కట్టి ఉంటారు. అదే ల్యాప్‌టాప్‌కి హాట్‌స్పాట్ కలిపితే, దాంట్లోకి ఏదైనా వైరస్ వచ్చినప్పుడు అది లోపలికి కూడా పోతుంది. జనం కాగితాలు ఉండే చోట ఇది చిన్న విషయం కాదు.

దేవరకొండ_సీట్
అన్నా, మెయిల్ చూడకుండా పని ఎట్లా నడుస్తుంది? పైవాళ్లు సమాచారం వాట్సాప్‌లో అడుగుతారు.

వనపర్తి_పెంగ్విన్
కేబుల్ అన్న చెప్పిందే సరైనది. నేను దారి చెప్పాను కానీ మీ చోటు గురించి ఆలోచించలేదు. ఒక పాత కంప్యూటర్‌ని ఇంటర్నెట్‌కి విడిగా పెట్టుకోవడం మేలు. అది కుదరకపోతే రాతపూర్వకంగా అడగండి. అనుమతి వచ్చాక పైన చెప్పినట్టు చేసుకోండి.

దేవరకొండ_సీట్
సరే మేడం. సోమవారం లెటర్ పెడతాను.

మిల్లు_లెక్కలు
నా సంగతి కూడా చూడండి. మిర్యాలగూడలో రైస్ మిల్లు. ఆఫీసు నుంచి కాంటా గదికి కేబుల్ లాగాం, 140 మీటర్లు ఉంటుంది. లారీ బరువు ఎక్కించే ల్యాప్‌టాప్ అక్కడే. ఒకసారి 100 చూపిస్తుంది, ఒకసారి 10, ఒకసారి ఏమీ లేదు. కోతల టైంలో లారీలు రోడ్డు దాకా నిలబడతాయి, ఆ వేళకే తెగుతుంది. ఎలుకలు కొరికాయేమో అని రెండుసార్లు మార్చాం. మా ఎలుకలకు వడ్ల కంటే ఈ తీగలే రుచి అనుకుంటా.

కేబుల్_అన్న
ఎలుకల తప్పు సగమే. రాగి కేబుల్‌కి హద్దు 100 మీటర్లు. నువ్వు ఎన్నిసార్లు మార్చినా 140 దగ్గర అది నిలబడదు. ఫైబర్ (గాజు తీగ కేబుల్) లాగి రెండు కొసలా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ని మామూలు నెట్‌వర్క్ కేబుల్‌కి కలిపే పెట్టెలు) పెట్టు. లోహం కాని కవచం ఉన్న రకం తీసుకుని పైపులో వెయ్యి, ఎలుక జోలికి రాదు. రెండు కట్టడాల మధ్య ఆరుబయట రాగి తీగ ఉంటే వానాకాలం పిడుగుకి రెండు వైపులా పోర్టులు మాడిపోతాయి. గాజు తీగలో కరెంటు పారదు, ఆ భయం ఉండదు.

మిల్లు_లెక్కలు
పోయినేడు పిడుగుకి ఆఫీసు స్విచ్ మొత్తం పోయింది. అది దీని గుండానే వచ్చిందా! ఈ సీజన్ లోపే ఫైబర్ వేయిస్తాను.

జడ్చర్ల_షిఫ్ట్
పెద్ద ఆఫీసుల వాళ్ల కోసం ఒక మాట. ఒక్కో ల్యాప్‌టాప్ దగ్గరికీ తిరగలేం కదా. గ్రూప్ పాలసీలో (అన్ని కంప్యూటర్లకూ ఒకేచోటి నుంచి సెట్టింగ్ పెట్టే విండోస్ సౌకర్యం) అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, నెట్‌వర్క్, విండోస్ కనెక్షన్ మేనేజర్ లోపల ఒకేసారి ఉండే కనెక్షన్లను తగ్గించే పాలసీ ఒకటి ఉంది. దాంట్లో 3 ఎంచుకుంటే కేబుల్ ఉన్నంతసేపు వైఫై కలవదు. కేబుల్ తీయగానే మళ్లీ కలుస్తుంది. విండోస్ 10లో 1903 వెర్షన్ నుంచి ఈ 3 వచ్చింది. పెట్టాక మనిషి చేత్తో కలుపుదామన్నా వైఫై కలవదు. దేవరకొండ సార్ లాంటి చోట ఇది పెడితే ఇంటర్నెట్ మొత్తం పోతుంది.

పాలమూరు_ల్యాబ్
బయాస్‌లో (విండోస్ లేవకముందే తెరుచుకునే సెట్టింగులు) కూడా ఇలాంటిది ఉంటుంది. హెచ్‌పీ ఆఫీసు మోడళ్లలో ల్యాన్ (కేబుల్), డబ్ల్యూల్యాన్ (వైఫై) స్విచింగ్ అని, డెల్‌లో కంట్రోల్ డబ్ల్యూల్యాన్ రేడియో అని. ఎవరి ల్యాప్‌టాప్‌లోనైనా కేబుల్ పెట్టగానే వైఫై మాయమైతే కార్డు పాడైందని సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తకుండా ముందు అక్కడ చూడండి.

గద్వాల_ఇంటినుంచి
నేను ఇంటి నుంచి పని చేస్తాను. మీటింగ్ మధ్యలో కేబుల్ పెడితే కాల్ కట్ అవుతోంది. జడ్చర్ల భాయ్ చెప్పిన పాలసీ మా కంపెనీ పెట్టినట్టుందా?

జడ్చర్ల_షిఫ్ట్
అయి ఉండొచ్చు. కేబుల్ పెట్టగానే వైఫై గుర్తు పోతే అదే. కాల్ మొదలయ్యే ముందే కేబుల్ పెట్టుకోండి, మధ్యలో ముట్టుకోకండి.

గడియారం_సెంటర్
నాలుగు రోజుల పని చెప్పి ముగిస్తాను.

చీల్చిన రెండు కేబుల్స్ ఒకటి చేయించాం, ఎనిమిది తీగలూ. రెండు బల్లల దగ్గర చిన్న గిగాబిట్ స్విచ్‌లు పెట్టాం. నాలుగు సీట్లలోనూ 1.0 జీబీపీఎస్ వచ్చింది. మెట్రిక్ ఎక్కడా ముట్టుకోలేదు, వైఫై ఆన్‌లోనే ఉంది, అయినా ఫైల్ కాపీ చేస్తే ఈథర్నెట్ గీతే లేస్తోంది. అది చూసి సీట్ల దగ్గరి వాళ్లను కూడా పిలిచి చూపించాను.

డాంగిల్స్ రెండూ కేబుల్ అన్న చెప్పినట్టే యూఎస్‌బీ 2.0వి. కొత్తవి వచ్చేదాకా వాటిలో వైఫైకి 70 పెట్టాను, ఐపీ వెర్షన్ 6తో సహా. ఏ కారణమూ దొరకని ఏడోదానిలో, బల్ల కింద కేబుల్ మీదుగా రోజూ కుర్చీ చక్రం వెళ్తోంది. ఆ ముక్క మార్చగానే 1.0 వచ్చింది. దాన్ని బల్ల కాలికి కట్టేశాను.

నిన్న మధ్యాహ్నం 22 మందీ పనిలో ఉన్నారు, టాలీ ఒక్కసారి కూడా తెగలేదు. పాయింట్లు పెట్టిన ఆయనకు ఫొటోలు పంపాం, రెండు పాయింట్ల డబ్బులు తిరిగి ఇస్తానన్నాడు. ఇంకా రాలేదు.

కేబుల్_అన్న
వచ్చేదాకా అడుగుతూనే ఉండు. మిగతా పెట్టెలు కూడా విప్పి చూశావా? పాత ల్యాప్‌టాప్‌లలో కొన్ని 100 చూపిస్తున్నాయని మొదట్లో అన్నావు.

గడియారం_సెంటర్
ఆరు ఉన్నాయి అన్నా. ఆదివారం ఆఫీసు తాళం నా దగ్గరే ఉంటుంది, ఆ రోజు విప్పుతాను.